కూల్‌డ్రింక్ జెల్లీ మూడోసారికి కుదిరింది

ఇదిగో, ఈ గిన్నెలో నల్లగా వణుకుతోంది చూశారా? థమ్సప్ జెల్లీ. చెంచాతో ఇలా తడితే ఊగుతోంది, విరగట్లేదు. ఇది నేను మూడోసారి చేసింది. మొదటి రెండుసార్లు ఏం జరిగిందో కూడా ఇవాళ చెప్తాను. రీల్స్‌లో బాటిల్ ఒంపుతారు, ఒక కట్, జెల్లీ వచ్చేస్తుంది. అసలు సంగతంతా ఆ కట్‌లోనే ఉంది మరి.

మొదటిసారి జెలటిన్‌తో చేశాను. కేకు సామాన్లు అమ్మే షాపులో చిన్న జిప్ కవర్లో పోసి ఇచ్చారు. దాని మీద పేరు తప్ప ఇంకేం లేదు. జెల్లీ మాత్రం అద్దంలా వచ్చింది. మే నెల, మా ఫ్రెండ్ వాళ్ళ డాబా మీద అందరం కూర్చున్నాం. బాక్స్ మూత తీసేసరికే సగం నీళ్ళయిపోయింది. మిగిలినదాంట్లో వాళ్ళ అమ్మమ్మగారు రెండు ముక్కలు తిన్నారు. ఆవిడ గుడ్డు వేసిన కేకు కూడా ముట్టుకోరు.

"బాగుందమ్మా, ఇంతలా ఎలా గట్టిపడింది? ఏం వేశావ్?" అని అడిగారు.

చెప్దామని ఫోన్ తీసి వెతికా. జెలటిన్ అంటే పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేదట. స్క్రీన్ ఆపేసి, "ఏదో పౌడర్ అమ్మమ్మా" అనేశాను. అంతే. ఆవిడ ఇంకో ముక్క కూడా అడిగారు. అయిపోయిందని అబద్ధం చెప్పాను, గిన్నెలో ఇంకా ఉంది.

నాలుగు రోజులు తిన్నది వంటపట్టలేదు నాకు. ఐదోరోజు వెళ్ళి చెప్పేశాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "తెలియక పెట్టావ్, తెలియక తిన్నాను. అది సరే. ఫోన్‌లో చూశాక కూడా ఎందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు.

కాఫీ ఇచ్చాక ఆవిడే ఎత్తుకున్నారు. "హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పక్కింటివాళ్ళు రంజాన్‌కి చైనా గ్రాస్ వేసి పాల స్వీటు చేసి పంపేవారు. ఇది సముద్రపు నాచండీ, మీరు తినొచ్చు అని చెప్పి మరీ ఇచ్చేవారు. అది వాడి చూడు" అన్నారు.

చైనా గ్రాస్ అన్నా, అగర్ అగర్ అన్నా ఒకటే. ఎర్ర రకం సముద్రపు నాచు నుంచి తీస్తారు. మన పక్కన రామనాథపురం తీరంలో ఆడవాళ్ళు నీళ్ళలో దిగి ఈ నాచు ఏరుతారు. కిరాణా షాపుల్లో తెల్లని పీచులా, ప్లాస్టిక్ దారాల కట్టలా ఉంటుంది. పౌడర్ కూడా దొరుకుతుంది.

సరే, రెండోసారి దాంతోనే మొదలెట్టా. నీళ్ళలో మరిగించి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి కోలాలో పోశా. క్షణంలో సేమ్యాలాగా తెల్ల పోగులు తేలాయి. గరిటెతో తిప్పేకొద్దీ ముద్దలు. పారబోయడం తప్ప ఇంకేం చేయలేం దాన్ని.

ఎందుకలా అయింది? అగర్ కరగాలంటే దాదాపు 85 డిగ్రీలు దాటాలి. ఒకసారి కరిగాక మాత్రం సుమారు 35, 40 డిగ్రీలకు దిగేదాకా గట్టిపడదు. ఇప్పుడు లెక్క చూడండి. 150 ఎమ్మెల్ మరిగే అగర్ నీళ్ళని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీలున్న 350 ఎమ్మెల్ కోలాలో పోస్తే మొత్తం 33, 34 దగ్గరికి పడిపోతుంది. కలిసేలోపే గడ్డకట్టేసింది. అదే కోలా బయట 30 డిగ్రీల్లో ఉంటే మొత్తం 50 దగ్గర ఆగుతుంది. తిప్పడానికి, గిన్నెల్లో పోయడానికి కావల్సినంత టైముంటుంది. స్కూల్లో ఈ లెక్కలు చేసినప్పుడు ఎందుకురా బాబూ అనుకున్నా.

పోనీ కోలానే అగర్‌తో కలిపి మరిగిస్తే? వద్దండీ. గ్యాస్ మొత్తం పోతుంది, పైగా కోలాలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. పులుపులో మరిగితే అగర్ బలం తగ్గుతుంది. నిమ్మరసం కూడా అంతే, స్టవ్ ఆపాకే పిండుకోండి.

కాబట్టి మూడోసారి ఇలా చేశా. చైనా గ్రాస్ పీచు 5 గ్రాములు కత్తెరతో ముక్కలు చేసి అరగంట నానబెట్టా. పిండేసి, 150 ఎమ్మెల్ నీళ్ళలో వేసి, కళ్ళకు ఒక్క పోగు కూడా కనపడనంతవరకూ మరిగించా. పౌడర్ అయితే రెండు చదును టీస్పూన్లు, రెండు మూడు నిమిషాలు మరిగితే చాలు. బయట పెట్టిన కోలా 350 ఎమ్మెల్ వెడల్పాటి గిన్నెలో పోసి, వేడి అగర్‌ని అంచు నుంచి సన్నగా పోస్తూ తిప్పా. పొంగుతుంది, అందుకే పెద్ద గిన్నె. చక్కెర వేయలేదు. ఆ కోలాలోనే దాదాపు 35 గ్రాములుంది. అరగంటలో బయటే గట్టిపడింది, తర్వాత ఫ్రిజ్. బుడగలు కొన్ని లోపల చిక్కుకుపోయాయి, చూడండి. నాలుక మీద చురుక్కుమనేది మాత్రం పెద్దగా ఉండదు, అది ఆశించకండి.

సుగంధి షర్బత్‌తో ఇంకా బాగుంది, నిజం చెప్పాలంటే కోలా కన్నా అదే నచ్చింది నాకు. కొబ్బరి నీళ్ళు కూడా. పచ్చి పైనాపిల్ ముక్కలు వేస్తే జెలటిన్ అసలు గట్టిపడదు, దాంట్లోని ఎంజైమ్ జెలటిన్‌ని కోసేస్తుంది. అగర్‌ని ఏం చేయలేదు. టానిక్ వాటర్ జెల్లీని చీకట్లో పెట్టి, దొంగనోట్లు చూసే లైటు వేయండి. నీలంగా మెరుస్తుంది. అది క్వినైన్ పని.

డాబా మీద కరిగిపోయిన జెల్లీ గుర్తుందిగా? ఆ తంటా జర్మనీలో 1881లో కాఖ్ శిష్యులకి కూడా వచ్చింది. జెలటిన్ మీద బ్యాక్టీరియా పెంచేవారు, వేడికి అది కరిగిపోయేది. వాల్టర్ హెస్ అనే డాక్టరు భార్య ఫానీ, తను వంటింట్లో జెల్లీలకి వాడే అగర్ వేసి చూడమంది. ఇవాళ్టికీ ల్యాబుల్లో ఆ ప్లేట్లలో ఉండేది మన చైనా గ్రాసే.

అగర్ నోట్లో కరగదు కాబట్టి ఒక్క విషయంలో జాగ్రత్త. చిన్నపిల్లలకి గుండ్రటి పెద్ద ముక్కలు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది. యూరప్‌లో కొంజాక్ మినీ కప్ జెల్లీలని నిషేధించింది అందుకే. సన్నగా తరిగి, పక్కనే కూర్చుని పెట్టండి.

రేపు ఈ గిన్నె అమ్మమ్మగారింటికి వెళ్తోంది. చైనా గ్రాస్ ప్యాకెట్ కూడా సంచిలో పెట్టుకున్నా, పచ్చ గుర్తు ఉన్నది. ఆవిడ అడగక ముందే చూపిస్తా. తింటారో లేదో మరి. ఉంటానండీ.