పాత చిన్న కారు కొనే రైతుకు రెండు మాటలు



ఎప్పుడూ ఎరువులను గురించి, ఉప్పుదేలిన పొలాలను గురించి చెప్పే మనిషి ఇవాళ కారు సంగతి ఎత్తుకొన్నాడేమని మీరు అనుకోవచ్చు. కారణం లేకపోలేదు. నాగాయలంక మొదలు గుడివాడ దాకా ఏ ఊరు వెళ్ళినా, దాళ్వా డబ్బు చేతికందిన రోజులలో, రైతులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఏమండీ, లక్షలోపు పాత మారుతి ఒకటి బేరానికొచ్చింది. తీసుకోమంటారా?" అని. అడగడంలో తప్పు లేదు. అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారికి ప్రాణం మీదికి వస్తే బందరు ఆసుపత్రికి చేర్చడానికి వాకిట్లో బండి ఉండాలని ఎవరికుండదు?

నేను వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి గాని మోటారు పని నేర్చినవాణ్ణి కాను. 2022లో 85,000 రూపాయలు పోసి, 2010వ సంవత్సరపు మారుతి 800 ఒకటి కొని, చేయి కాల్చుకొని తెలుసుకొన్న సంగతులే ఇవి.

ఎద్దును కొనేటప్పుడు మనం పళ్ళు చూస్తాము, నాలుగడుగులు నడిపిస్తాము, గిట్టలు తట్టి చూస్తాము. కారు దగ్గరకు వచ్చేసరికి రంగు చూచి బయానా ఇస్తాము. నేనూ అంతే చేశాను. తాళం తిప్పగానే ఇంజను అందుకొన్నది. సీట్లకు కొత్త కవర్లున్నవి. అంతటితో తృప్తి పడ్డాను.

మరుసటి ఏడు వానాకాలంలో మా అమ్మను ప్రక్కన కూర్చోబెట్టుకొని కరకట్ట మీదుగా అవనిగడ్డ వస్తున్నాను. గేదెలు అడ్డం వచ్చినవి. బ్రేకు తొక్కితే పెడలు అడుగుదాకా దిగిపోయింది. మళ్ళీ మళ్ళీ తొక్కి, చేతి బ్రేకు లాగితే, గేదెకు మూరెడు దూరంలో బండి ఆగింది. ఒక ప్రక్క ఏరు, ఒక ప్రక్క పల్లం. అమ్మ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. మెకానిక్కు బండిని ఎత్తి చూపించాడు. "ఇంజను మంచిదేనండి. కింద గుల్లయిపోయిందండి" అన్నాడు. బ్రేకు నూనె పోయే సన్నని ఇనుప గొట్టం తుప్పు పట్టి చిల్లి పడింది. ఈ కారులో ఆ నూనె రెండు దారులుగా పోతుంది గనుక, ఒక దారి చెడినా రెండవది కొంత పట్టి మమ్మల్ని కాపాడింది.

మన ప్రాంతంలో చిన్న కారును ముందుగా చంపేది ఇంజను కాదు, తుప్పు. సముద్రపు గాలిలో ఉప్పున్నది. రొయ్యల చెరువుల దారులలో ఒలికే నీళ్ళలో ఉప్పున్నది. నల్లరేగడి బురద చక్రాల పైగూటిలో మెత్తినట్లు పట్టి, రోజుల తరబడి తేమ ఆరనివ్వదు. ఇంకొకటి, నా శాఖకు సంబంధించినది గనుక గట్టిగా చెబుతాను: పొటాషు బస్తాను కారులో వేసుకురావద్దు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా క్లోరైడు లవణమే. బస్తా కారి, తివాచీ క్రిందికి చేరిన పొడి తేమ తగిలితే రేకును తినేస్తుంది.

కాబట్టి బేరానికి వెళ్ళినప్పుడు ముందుగా తివాచీ ఎత్తండి. స్టెప్నీ చక్రం తీసి దాని గుంటలో చూడండి. తలుపుల క్రింది అంచును స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడవండి. దిగబడితే ఆ రేకు లేదన్నమాట, ఉన్నది పుట్టీ. చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకొంటే పుట్టీ ఎక్కడున్నదో అదే చెబుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో వేల బండ్లు మునిగినవి. వరదలో నానిన బండి కడిగి, రంగు వేసి సంతకు రావడం వింత కాదు. సీటు పట్టాల క్రింద, ఫ్యూజుల పెట్టె మూలల్లో ఒండ్రు ఉన్నదేమో, లోపల ముక్క వాసన వస్తున్నదేమో చూచుకోవాలి.

ఇంజనును ప్రొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు ఆడించమనండి. మీరు వెళ్ళేసరికే వేడిగా ఉంటే అనుమానించండి. నీలపు పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నది. తెల్లని ఆవిరి ఎంతకూ ఆగకపోతే నీళ్ళు సిలిండరులోకి పోతున్నవి. ఈ రెండవ జబ్బు దివిసీమలో మనం చేజేతులా తెచ్చుకొంటాము. ఇక్కడి బోరు నీరు చాలాచోట్ల ఉప్పన. అదే రేడియేటరులో పోస్తే గార కట్టి, ఇంజను వేడెక్కి, అల్యూమినియపు హెడ్డు వంకర పోతుంది. డిస్టిల్డు నీటిలో కూలెంటు కలిపి పోయవలెను.

ఇక లెక్క. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు. నేను ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతాను. లీటరుకు 15 వంతున 600 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున 66,000. మొదటి ఏడాది టైర్లకు 11,200, బ్యాటరీకి 3,600, బ్రేకులకు 5,850, రేడియేటరుకు 4,900, అడుగు రేకు అతికించడానికి 14,500, వెరసి 40,050. అంటే కొన్న ధరలో సగానికి కొంచెం తక్కువ! బీమాతో కలిపితే కిలోమీటరుకు 12 రూపాయలు పడింది. రెండవ ఏడాది మరమ్మతు 13,400తో సరిపోయి, 9 రూపాయల చిల్లరకు దిగింది.

ఇందులో గమనించవలసినదేమంటే, తక్కువ తిరిగితే ఖర్చు ఆ మేరకు తగ్గదు. నిలబెట్టినా బ్యాటరీ చస్తుంది, టైరు పగులుతుంది, తుప్పు ఆగదు. ఏడాదికి 2,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగే రైతుకు పెట్రోలు 15,000 లోపే అయినా, మరమ్మతుకు 12,000, బీమాకు 2,500 వేసుకొంటే కిలోమీటరు 14 రూపాయలు దాటుతుంది. మీ ఊళ్ళో అద్దె కారు ఎంతకు వస్తుందో దానితో పోల్చి చూడండి.

ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ దాకా ఇథనాలు ఉంటున్నది. మన చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసినదే గనుక రైతుగా సంతోషమే. కాని ఇథనాలుకు పెట్రోలంత సత్తువ లేదు, మైలేజి కొంత తగ్గుతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. వాటిని మార్పించి కొత్తవి వేయించుకోవడం మేలు.

కాగితాల మాట ఒకటి. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తరువాత పరీక్ష చేయించి అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిలు నుంచి దీనికి ఫీజు 5,000. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో నిలిచిపోయింది గనుక, ఈ గడువు ప్రతి బండికీ దగ్గరలోనే ఉంటుంది. ఆ ఫీజు బేరంలోనే తగ్గించమని అడగండి. బండి మీద అప్పు ఉన్నట్లు ఆర్.సి.లో రాసి ఉంటే, అది కొట్టివేయించేదాకా డబ్బు ఇవ్వవద్దు.

మొన్న కోడూరు వైపు రైతు ఒకాయన ఒక కారు చూడడానికి నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నది. తివాచీ ఎత్తమన్నాను. అమ్మేవాడు, "కొత్తగా అంటించామండి, చిరిగిపోద్ది" అన్నాడు. రైతు నా ముఖం చూచాడు. ఇద్దరం అక్కడే టీ త్రాగి, బస్సెక్కి వచ్చేశాము.