వెనుక ఇరుసు, వేగపు ముల్లు

పికప్ బండి నడుపువారికి ఎదుట కనబడునది వేగపు ముల్లు, వెనుక కనబడనిది ఇరుసు. మొదటిదానిని క్షణక్షణము చూతురు. రెండవదానిని అది మొరపెట్టుకొన్ననాడు గాని తలపరు. కాని ఆ ముల్లు చెప్పు మాట నిజమగుటయు కాకపోవుటయు చాలవరకు వెనుక చక్రములయందును ఇరుసునందును ఉన్నది. ఈ రెండింటి చుట్టరికమును గూర్చి ఈ పూట మనవి చేసెదను. పాలు, కూరలు, చేపలు, ఎరువుల మూటలు ఊరూరికి చేర్చు బండ్లివి గనుక ఇది కేవలము మెకానిక్కుల విషయము కాదు.

ముందుగా ఇరుసు సంగతి. ఎడ్లబండి చక్రములు ఇరుసుపై దేనికది తిరుగును గనుక మలుపులలో చిక్కు లేదు. ఇంజను త్రిప్పు చక్రములకు అట్లు కాదు. వెనుక చక్రముల నడిమి దూరము 1.4 మీటరులనుకొందము. నాలుగు బాటల కూడలిలో ఒక సమకోణపు మలుపు తిరుగునప్పటికి, బయటి చక్రము లోపలి చక్రముకంటె సుమారు 2.2 మీటరులు, అనగా దాదాపు ఒక పూర్తి చుట్టు, అధికముగా నడువవలెను. రెండును ఒకే కడ్డీకి బిగిసియున్నచో టైరు నేలపై ఈడ్చుకొనిపోవును. ఈ చిక్కు తీర్చునదే డిఫరెన్షియల్. 1820వ దశాబ్ది చివర ఫ్రాన్సు దేశపు గడియారముల పనివాడు ఒనేసిఫోర్ పెక్యూర్ ఆవిరిబండికై దీనిని కల్పించెను.

ఇంజనునుండి వచ్చు షాఫ్టు కొనయందు పీనియనను చిన్న పండ్లచక్రమును, దానితో కలిసి తిరుగు క్రౌనను పెద్ద చక్రమును ఉండును. ఈ పండ్లు ఒకదానినొకటి నెట్టుటయే కాక గట్టిగా ఒరసికొనుచు జారును. ఆ ఒత్తిడికి సామాన్యమైన చమురుపొర చినిగిపోవును. అందువలన గంధకము, భాస్వరము గల ద్రవ్యములు చేర్చిన చమురును వాడుదురు. ఇరుసునకు మేలుచేయు చమురే కొన్ని గేరుబాక్సులలోని ఇత్తడి భాగములకు కీడు చేయవచ్చును. కావున బండితో వచ్చిన పుస్తకములో ఏ రకము వ్రాసియున్నదో దానినే పోయవలెను.

చమురు మార్చునపుడు బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. జాకీ నొక్కదానినే నమ్మి క్రింద దూరరాదు. కొంతదూరము నడిపిన పిదప మార్చినచో చమురు వెచ్చబడి సులువుగా దిగును. ముందుగా నూనె పోయు బిరడాను విప్పవలెను. క్రిందిదానిని పిమ్మట విప్పవలెను. చమురంతయు దించిన తరువాత పై బిరడా తుప్పుపట్టి ఊడిరానిచో బండి అక్కడనే చిక్కుపడును. దిగిన చమురును పరీక్షింపుడు. అయస్కాంతపు బిరడాపై మెత్తని బూడిదరంగు ముద్ద కొంచెముండుట సహజమే. ఉక్కుముక్కలు కనబడినచో పండ్లు విరుగుచున్నవని అర్థము. పాలు కలిపిన కాఫీవలె నున్నచో నీరు చేరినది. కాగిన ఇరుసుతో వాగు దాటినపుడు లోపలిగాలి చల్లబడి కుంచించుకొని నీటిని పీల్చును. ఇరుసుపై గాలి పోవు చిన్నగొట్టము మూసుకొన్నచో చమురు సీలులగుండ బ్రేకులపైకి చిందును. క్రొత్త చమురును పై రంధ్రపు అంచువరకు పోసిన చాలును. పాత చమురును కాలువలో పోయకుడు.

ఇక ముల్లు. వేగమును అది చూడదు. చుట్లను మాత్రమే లెక్కించును. దూరమును చుట్లతో కొలుచుట ప్రాచీనమైన పద్ధతి. నాలుగడుగుల చక్రము 400 మారులు తిరిగినచో ఒక రోమను మైలగునని, మైలుకొక గులకరాయి పెట్టెలో పడు బండిని రోమను శిల్పి విట్రూవియస్ వర్ణించెను. జర్మనీలో ఓటో షుల్జె 1902లో పేటెంటు పొందిన స్పీడోమీటరులో, కేబులుతో తిరుగు అయస్కాంతము ఒక లోహపు గిన్నెను లాగి ముల్లును కదల్చును. నేటి బండ్లలో సెన్సారులు ఆ పని చేయును. కాని చుట్టునకు ఇంత దూరమను లెక్క కర్మాగారములో కుదిర్చినదే.

టైరు మారినచో ఆ లెక్క తప్పును. 215/75 ఆర్ 15 టైరు వ్యాసము సుమారు 703 మిల్లీమీటరులు. కిలోమీటరునకు 452 చుట్లు తిరుగును. బరువు కొరకు 235/75 ఆర్ 15 వేసినచో 434 చుట్లే చాలును. ముల్లు 60 చూపునపుడు అసలు వేగము 62.5. బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు వలయు దూరము వేగపు వర్గముననుసరించి పెరుగును గనుక, అది దాదాపు నూటికి 9 వంతులు హెచ్చును.

మరియొక చిక్కు కలదు. నెలకు 3,000 కిలోమీటరులు నడచిన బండి 2,877 మాత్రమే చూపును. లీటరునకు 12 చొప్పున లెక్కించు యజమానికి పది లీటరుల డీజిలు మాయమైనట్లు తోచును. ఇట్టి తగవొకటి నా యెదుటనే జరిగినది. నడుపువాడు దొంగ యన్న మాటవరకు వచ్చినది. తుదకు రోడ్డుప్రక్క కిలోమీటరు రాళ్ళను లెక్కించి చూడగా, దోషము మనిషిదికాదు, టైరుదని తేలినది.

క్రౌను, పీనియను మార్చినను ఇంతే. ఎత్తులెక్కు బలము కొరకు 41కి 11 పండ్ల జత తీసి 41కి 10 జత వేసినచో, గేరుబాక్సునుండి లెక్క తీసికొను ముల్లు 60కి 66 చూపును. చక్రమువద్దనే సెన్సారున్న బండ్లలో ఈ తప్పు రాదు. టైరు తప్పు మాత్రము వచ్చును.

పరీక్ష సులభము. ముల్లును 60 వద్ద నిలిపి, ప్రక్కనున్నవారు రాళ్ళను చూచుచు అయిదు కిలోమీటరులకు పట్టిన కాలమును వ్రాసికొనవలెను. సరిగా 300 సెకండ్లు పట్టవలెను. సెల్‌ఫోనులోని ఉపగ్రహపు లెక్కతోను పోల్చవచ్చును. క్రొత్తబండి ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపరాదని ఐక్యరాజ్యసమితి నిబంధన యున్నందున, తయారుచేయువారు కొంచె మెక్కువ చూపునట్లే అమర్చుదురు. కావున కొలువక దిద్దరాదు. కేబులు బండిలో తగిన పండ్లుగల చిన్నగేరు మార్చవలెను. సెన్సారు బండిలో టైరు చుట్టుకొలతను యంత్రముతో ఎక్కించవలెను. ముల్లును దిద్దుట వేరు, నడచిన కిలోమీటరులను వెనుకకు త్రిప్పుట వేరు. మొదటిది జాగ్రత్త, రెండవది బండి కొనువానికి చేయు ద్రోహము.

టైరుగాని క్రౌనుగాని మార్చిన దినముననే ముల్లును సరిచూడుడు. ఇరుసు చమురు మార్చిన తేదీని, కిలోమీటరులను ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. దానివలన బండికి ఆయువును, నడుపువానికి మాటదక్కుటయు కలుగును.