షేక్ అనే మాట - మన ఇంటిపేరు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను తాలీం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తాలీం గురించి ఏటా చెప్పుకొంటూనే ఉన్నాము గనుక, ఈసారి మన రేషను కార్డుల మీద, పెళ్ళి పత్రికల మీద కనిపించే ఒక చిన్న మాటను గురించి విన్నవించుకొంటాను. అది "షేక్". మాది ఉర్దూ మీడియం బడి గదా, హాజరు పట్టీ తెరిస్తే సగం తరగతి షేకులే. "షేక్..." అని ఒక్క క్షణం ఆగితే చాలు, పదిమంది ఒక్కసారే "హాజిర్ జనాబ్" అంటారు.

అరబ్బీలో అసలు మాట షైఖ్. దాని మొదటి అర్థం ముసలివాడు, అంతే. ఖురాన్ షరీఫ్ సూరా హూద్‌లో, బిడ్డ పుడతాడన్న శుభవార్త విని హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం గారి భార్య, తన భర్త వృద్ధుడు గదా అని ఆశ్చర్యపోయిన చోట ఉన్నది ఈ మాటే. మద్యన్ బావి దగ్గర ఆడపిల్లలు హజ్రత్ మూసాతో తమ తండ్రి వయసు మళ్ళినవాడని చెప్పుకొన్నప్పుడూ ఇదే మాట. వయసు వచ్చినవాని మాట నలుగురు వింటారు గనుక తెగకు పెద్ద షైఖ్ అయినాడు. పాఠం చెప్పే గురువు షైఖ్ అయినాడు. సూఫీలలో మురీదులకు దారి చూపే పీర్ షైఖ్ అయినాడు. హకీములందరికీ ఉస్తాదు అయిన ఇబ్ను సీనాను "షైఖుర్ రయీస్" అన్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో తల్లి కడుపులోనుంచి షైఖ్‌గా ఎవరూ పుట్టలేదు. జనం పిలిస్తే అయినవారే.

మన దేశంలోనూ మొదట అట్లాగే. సీక్రీలోని షేఖ్ సలీం చిష్తీ గారి దుఆతో కొడుకు పుట్టాడని అక్బరు పాదుషా 1569లో పుట్టిన ఆ పిల్లవానికి సలీం అని పేరు పెట్టాడు. అయితే ఆ పేరుతో పిలవకుండా ముద్దుగా "షేఖూ బాబా" అనేవాడట. తరువాత జహంగీరు అయినది ఆ షేఖూ బాబాయే.

కాలక్రమాన ఈ బిరుదు కాస్తా జాతి అయిపోయింది. సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అని నాలుగు వరుసలు ఏర్పడ్డాయి. హజ్రత్ అబూబక్ర్ సంతతి అనుకొనే సిద్దీఖీలు, హజ్రత్ ఉమర్ సంతతి అనుకొనే ఫారూఖీలు షేకులలో చేరారు. ఈ దేశపు మట్టిలో పుట్టి, ఇక్కడే కలిమా చదివినవారు కూడా లెక్కలేనంతమంది ఈ పేరే పెట్టుకొన్నారు. ఇందులో దాచుకోవలసినది ఏమున్నది? షేఖ్ ముహమ్మద్ ఇక్బాల్, అదే మన అల్లామా ఇక్బాల్ గారి పూర్వికులు కాశ్మీరు బ్రాహ్మణులు, సప్రూ ఇంటివారు. షేరే కాశ్మీర్ షేఖ్ అబ్దుల్లా తమ పూర్వికుడు కౌల్ ఇంటి పండితుడని స్వీయచరిత్రలో తామే రాసుకొన్నారు. అదే పేరుగల మరొక షేఖ్ అబ్దుల్లా అలీగఢ్‌లో ఉండేవారు. ఆయన స్వయంగా కాశ్మీరు బ్రాహ్మణ ఇంట్లో పుట్టి ఇస్లాం స్వీకరించినవారు. ఆడపిల్లలకు చదువెందుకని పెద్దలు ఎదురు తిరుగుతుంటే, 1906లో తన బేగం వహీద్ జహాన్‌తో కలిసి బాలికల బడి పెట్టారు. అది పెరిగి పెద్దదై నేడు విశ్వవిద్యాలయంలో మహిళా కళాశాల అయింది. 1964లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. పిల్లలు ఆయనను "పాపా మియాఁ" అనేవారు. నా లెక్కన షైఖ్ అనే మాటకు పాత అర్థంలో తగినవాడు ఆయన.

ఉర్దూ మేష్టర్ని గనుక ఒక చమత్కారం చెప్పక వదలను. ఉర్దూలో గొప్పలు పోవటాన్ని "షేఖీ" అంటారు. అది ఈ షేఖ్‌లోనుంచి వచ్చినదే! గజళ్ళలో కవులందరూ ఎగతాళి చేసేది కూడా పాపం షేఖ్ సాహెబునే. ఆ ఎగతాళి చేసినవారిలో బహదూర్‌షా జఫర్ గారి ఉస్తాదు జౌఖ్ ఒకరు. ఆయన పూర్తి పేరు షేఖ్ ముహమ్మద్ ఇబ్రాహీం.

ఇక మన తెలుగు దేశానికి వద్దాం. ఉత్తరాదిన షేఖ్ పేరుకు చివరా వస్తుంది, ముందూ వస్తుంది. మన దగ్గర మాత్రం కొమ్మినేని, వేమూరి అన్నట్లు ఖచ్చితంగా ముందే. అరబ్బీ బిరుదును తెలుగు ఇంటిపేరు చేసుకొన్నాము. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథ చెబుతుంటే తెల్లవారేదాకా జనం కదిలేవారు కారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, నాదస్వరానికి పెట్టింది పేరయినారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత కళానిధి. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020 సంవత్సరపు పద్మశ్రీ. మిగతా పేర్లు మీకే తెలుసు.

నాజర్ గారి జీవితకథ పుస్తకానికి పేరేమిటో తెలుసా? "పింజారి". దూది ఏకే కుటుంబంలో పుట్టానని చెప్పుకోవటానికి ఆయన సిగ్గుపడలేదు. కానీ మన ఇళ్ళల్లో రిష్తా మాట వచ్చేసరికి ఏమంటున్నాము? "పిల్లవాడు మంచివాడే, నమాజీ, ఉద్యోగస్తుడే, కానీ వాళ్ళు పేరుకే షేకులండీ, అసలు దూదేకులవాళ్ళు" అంటున్నాము. ఇట్లా వెనక్కి పోయిన సంబంధాలు రెండు నాకు స్వయంగా తెలుసు. ఆ ఆడపిల్లల్లో ఒకతె నా విద్యార్థినే. ముప్పై దాటింది, ఇంకా పుట్టింట్లోనే ఉంది. అసలు షేకు ఎవరో తేల్చే పుస్తకం ఏ ఖాజీగారి దగ్గరా లేదు. నికాహ్‌నామాలో కూడా వధూవరుల పేర్లు, తండ్రుల పేర్లు, మెహర్, గవాహీలే గాని, వంశం అడిగే గడి నాకు కనబడలేదు.

సర్కారు మాత్రం అడుగుతుంది. 2007 చట్టంలో 4 శాతం రిజర్వేషను కోసం చేర్చిన బి.సి.-ఇ జాబితాలో షేక్ అనే పేరున్నది. సయ్యద్, పఠాన్, మొగల్ అందులో లేరు. దూదేకులవారు అంతకు ముందునుంచే బి.సి.-బి. కనుక ఇప్పుడు ఈ చిన్న మాట పిల్లవాని సీటుతో ముడిపడింది. మనవాళ్ళేమో ఇంగ్లీషులో దీనిని నాలుగైదు రకాలుగా రాస్తారు. చివర "హెచ్" ఒకరికి ఉంటుంది, ఒకరికి ఉండదు. తండ్రికి "ఏ", కొడుక్కి "ఈ". కొందరికి ఉత్త "యస్.కె." అనే రెండక్షరాలు. నా దగ్గర చదివిన కుర్రవాడొకడు పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా ఉన్నందుకు కౌన్సెలింగు రోజున వెనక్కి వచ్చి, అఫిడవిట్టు కోసం తండ్రితో మూడు రోజులు తిరిగాడు. ఆ తండ్రి రోజు కూలీ. మూడు రోజుల కూలి పోయింది. పెళ్ళయిన ఆడపిల్లలకు మరీ కష్టం. సర్టిఫికెట్టులో షేక్, అత్తగారింటి కార్డులో సయ్యద్. భార్య తన తండ్రి పేరుతోనే ఉండటం మన దీన్‌లో తప్పు కాదు, అదే పాత పద్ధతి. మార్చవద్దని అల్లుళ్ళకు చెప్పండి.

తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. పదో తరగతి నామినల్ రోల్సు పంపక ముందే బడికి వచ్చి, అక్షరం అక్షరం సరిచూసుకోండి. చదువు రాకపోతే ఫరవాలేదు, ఆధార్ కార్డు తెచ్చి నా చేతికివ్వండి, నేను చూస్తాను. జుమా తప్ప ఏ రోజయినా సాయంత్రం అస్ర్ తరువాత బడి వరండాలోనే ఉంటాను. మగ్రిబ్ వేళ కావస్తున్నది, సెలవు. ఖుదా హాఫిజ్.