నిరపరాధుల బాధ, దేవుడి న్యాయం

దేవుడు దయామయుడైతే ఏ పాపమూ ఎరుగనివాళ్ళు ఎందుకు బాధపడాలి అన్నది చాలా పాత ప్రశ్న. దాన్ని గాలిలో చర్చించడం నాకు ఇష్టం లేదు కాబట్టి మన నేల మీద జరిగిన ఒక ఘోరం దగ్గరే మొదలుపెడతాను. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమను తుఫాను ఉప్పెన ముంచెత్తింది. తాటాకు గుడిసెలూ మట్టిగోడల ఇళ్ళూ నీళ్ళలో కరిగిపోయాయి. సముద్రం మైళ్ళ దూరం పొలాల మీదుగా లోపలికి వచ్చింది. తాటిచెట్టును కరుచుకుని రాత్రంతా పట్టు వదలనివాళ్ళు కొందరు బతికారు. చెట్టు ఎక్కలేని పసివాళ్ళు, చేతుల్లో సత్తువ లేని ముసలివాళ్ళు, బిడ్డను చంకన పెట్టుకున్న తల్లులు పోయారు. సర్కారు లెక్కల్లోనే చావులు దాదాపు పది వేలు. మన చర్చకు ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ రాత్రి ఎవరు ఉండాలో ఎవరు పోవాలో పాపపుణ్యాలు తేల్చలేదు. ఒంట్లో బలం, ఇంటి గోడ, ఇంటికీ సముద్రానికీ మధ్య దూరం తేల్చాయి.

ఇలాంటి ఘోరం జరిగినప్పుడు మొట్టమొదట వినిపించే మాట శిక్ష. అంతటి గాంధీజీ కూడా ఆ మాట అన్నారు. 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. ముంగేరు, ముజఫర్‌పూర్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. గాంధీజీ అప్పుడు హరిజన యాత్రలో ఉన్నారు. అంటరానితనమనే పాపానికి ఇది దేవుడు విధించిన దండన అని ఆయన ప్రకటించారు. రవీంద్రనాథ ఠాగూర్ ఊరుకోలేదు. ప్రకృతిలో జరిగే ఉత్పాతాలకు కారణాలు ప్రకృతిలోనే ఉంటాయని, నీతిని భూకంపంతో ముడిపెడితే దేవుడి నీతి మనిషి నీతికన్నా తక్కువదైపోతుందని బదులు రాశారు. ఆ విమర్శను గాంధీజీ తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకాన్ని వదులుకోనని జవాబిచ్చారు. అంటరానితనం పాపమనడంలో గాంధీజీది నూటికి నూరుపాళ్ళూ న్యాయం. అయినా ఈ వాదంలో నేను ఠాగూర్ పక్షమే. భూమి కంపించినప్పుడు అంటరానితనం పాటించినవాళ్ళ మేడలతో పాటు, దాన్ని తరతరాలుగా అనుభవించినవాళ్ళ గుడిసెలూ కూలాయి. నేరం చేసినవాడినీ, ఆ నేరానికి బలైనవాడినీ ఒకే దెబ్బతో కొట్టేదాన్ని దండన అని ఏ న్యాయస్థానమూ అనదు. దేవుడిని నిర్దోషిగా నిలబెట్టాలనే తాపత్రయంలో, ఆయన మీద మన జిల్లా మేజిస్ట్రేటు మీద కూడా మోపని నేరం మోపుతున్నాం.

శిక్ష అన్న మాట కొంచెం మొరటుగా ఉందనుకునేవాళ్ళు కర్మ అంటారు. ఇది ఆషామాషీగా కొట్టిపారేసే సమాధానం కాదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ ప్రశ్నే సూటిగా వస్తుంది: ఒకడిని సుఖంలోనూ ఒకడిని దుఃఖంలోనూ పుట్టించిన ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవా? శంకరాచార్యులు తన భాష్యంలో వానను ఉపమానంగా తెచ్చారు. వాన అన్ని విత్తనాల మీదా సమానంగానే కురుస్తుంది. వరి వరిగానూ యవలు యవలుగానూ మొలవడం విత్తనం గుణం. జీవుల తేడాలకు వారి వారి కర్మలే కారణం, ఈశ్వరుడు వాన వంటివాడు. మొట్టమొదటి కర్మ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే సంసారం అనాది అని జవాబు. తర్కంగా ఇది గట్టిదే. నా అభ్యంతరం దాన్ని మనం వాడే తీరు మీద. నాకు వచ్చిన కష్టానికి నా కర్మ అనుకుని తల వంచి ఓర్చుకోవడం ఒక సాధన కావచ్చు. ఎదుటివాడి బిడ్డ చచ్చిపోతే వాడి కర్మ అనడం సాధన కాదు. జ్ఞాపకమే లేని జన్మలో చేసిన, రుజువు చేయలేని, కాదనడానికి వీలే లేని నేరాన్ని ఒక తల్లి నెత్తిన పెట్టడం అది. పైగా కర్మ సిద్ధాంతంలోని అసలు బలం ముందుచూపు: నువ్వు చేసేది నిన్ను వదలదు, కాబట్టి చూసి చెయ్యి అని. దాన్ని వెనక్కి తిప్పి, పడిపోయినవాడు ఎందుకు పడ్డాడో వివరించడానికి వాడినప్పుడల్లా, చెయ్యి అందించే బాధ్యత నుంచి మనం తప్పించుకున్నాం.

క్రైస్తవ తత్వవేత్తలు వేరే దారులు వెతికారు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాక చెడు చేసే స్వేచ్ఛ కూడా ఇచ్చినట్టే అన్నది ఒకటి. హత్యకూ యుద్ధానికీ ఇది వర్తిస్తుంది గానీ, ఉప్పెనకు ఎవరి స్వేచ్ఛ కారణం? కష్టాలు మనిషి ఆత్మను పండిస్తాయన్నది ఇంకోటి. 1966లో జాన్ హిక్ దాన్ని విస్తారంగా వాదించాడు. ఓర్పు, కరుణ కష్టంలోనే పుడతాయన్నది నిజమే. కానీ మూడు నెలల పసికందు నీట మునిగి ఏం నేర్చుకుంది? ఆ చావు చూసి మిగతావాళ్ళు కరుణ నేర్చుకుంటారంటే, ఒక బిడ్డను మరొకరి పాఠానికి పనిముట్టు చేసినట్టు. ప్రేమించేవాడు అలా చేయడు.

ఇక ఈ చావులకు బాధ్యత ఎవరిదో సాక్ష్యం చూద్దాం. దివిసీమ తరువాత కోస్తాలో తుఫాను షెల్టర్లు కట్టారు. ఊళ్ళో ఎత్తైన చోట స్తంభాల మీద నిలబెట్టిన పక్కా కట్టడాలవి. బయటినుంచి వెడల్పాటి మెట్లు, కింద నీళ్ళు పారడానికి ఖాళీ, పైన చదునైన డాబా. మామూలు రోజుల్లో చాలాచోట్ల వాటిలోనే బడి నడుస్తుంది. హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది, జనాన్ని ముందే తరలించడం అలవాటైంది. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుఫాను మళ్ళీ కృష్ణా తీరాన్నే తాకింది. లక్షన్నరకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. చావులు వెయ్యి దాటలేదు. అవీ తక్కువేం కావు. ఒడిశాలో ఈ తేడా ఇంకా స్పష్టం. 1999 అక్టోబరు పెనుతుఫానులో దాదాపు పది వేల మంది చనిపోతే, 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు లక్షల మందిని తరలించారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. అదే బంగాళాఖాతం, అదే గాలి. దేవుడు మారలేదు. కొన్నేళ్ళలో జనం పాపాలు కడిగేసుకున్నారనీ ఎవరూ అనరు. మారింది రోడ్డు, రేడియో, కాంక్రీటు, కలెక్టరు ఆఫీసు. అంటే 1977లో దేవుడి ఖాతాలో రాసిన మరణాల్లో అత్యధిక భాగం నిజానికి మన ఖాతాలోవి. పేదవాడిని సముద్రం అంచున మట్టిగోడల మధ్య వదిలేసిన వ్యవస్థవి. దేవుడు ఎందుకు ఊరుకున్నాడు అని అడిగే ముందు, మనం ఎందుకు ఊరుకున్నాం అన్న ప్రశ్నకు జవాబు ఇచ్చుకోవాలి.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. షెల్టరు కట్టినా కొందరు పోతూనే ఉన్నారు కదా? ఏ షెల్టరూ ఆపలేని కాన్సరు పసిపిల్లలకు వస్తోంది కదా? మనిషి పుట్టకముందు కోట్ల ఏళ్ళు అడవిలో జంతువులు పడ్డ యాతన ఎవరి ఖాతాలోది? నిజం. మన బాధ్యత తీసేశాక కూడా ఒక శేషం మిగులుతుంది, అది చిన్నది కాదు. ప్రకృతి నియమబద్ధంగా ఉండాలి, ఆ నియమాలే డెల్టాకు ఒండ్రునూ ఇస్తాయి, అదే డెల్టా మీదికి ఉప్పెననూ తెస్తాయి అని కొంత చెప్పవచ్చు. సర్వశక్తిమంతుడు అంతకన్నా మంచి ఏర్పాటు చేయలేడా అంటే నా దగ్గర జవాబు లేదు. ఇంతవరకూ ఎవరి దగ్గరా నాకు కనిపించలేదు.

జవాబు లేనప్పుడు నమ్మడం దేనికి అని నాస్తిక మిత్రులు అడుగుతారు. ఉప్పెన తరువాత దివిసీమ బురదలో విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలూ పనిచేశారు, మత సంస్థలవాళ్ళూ పనిచేశారు. కాబట్టి ఈ ప్రశ్న అడిగే హక్కు నాస్తికులకు పూర్తిగా ఉంది. నా సమాధానం ఇది: జవాబు లేకపోవడం విశ్వాసానికి బయట జరిగిన సంగతి కాదు. విశ్వాసం దాన్ని తన గ్రంథాల్లోనే రాసుకుంది. బైబిల్లో యోబు బూడిదలో కూర్చుని, చిల్లపెంకుతో ఒళ్ళంతా గోక్కుంటూ, దేవుడే తనకు అన్యాయం చేశాడని వాదిస్తాడు. ఏదో పాపం చేసే ఉంటావని నచ్చజెప్పిన స్నేహితులదే తప్పుమాట అని చివర తీర్పు చెప్పేది ఆ దేవుడే. మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ఇంకా ముందుకు వెళ్తుంది. సృష్టికర్త పిల్లవాడు బొమ్మలతో ఆడినట్టు ప్రాణులతో ఆడుతున్నాడని, చేసిన పని చేసినవాణ్ణి అంటేదైతే ఆ పాపం ఈశ్వరుడికీ అంటాలని, అంటదంటే లోకంలో చెల్లేది బలమొక్కటేనని అంటుంది. ధర్మరాజు ఇది నాస్తికుల మాట అని మందలించాడు. ఫలం ఆశించి నేను ధర్మం చేయడం లేదన్నాడు. అది గొప్ప మాట, కానీ ఆమె ప్రశ్నకు అది బదులు కాదు. వ్యాసుడు ఆమె మాటలను కొట్టివేయకుండా ఉంచాడు, మనం వాటిని ధర్మగ్రంథంలో భాగంగానే చదువుకుంటున్నాం.

అలా నిలదీస్తే భక్తి మిగులుతుందా అంటే, మిగిలిందనడానికి సాక్ష్యం దివిసీమలోనే ఉంది. కాసుల పురుషోత్తమకవిది దివిసీమలోని పెదప్రోలు. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రమహావిష్ణువును ఉద్దేశించి ఆయన రాసిన ఆంధ్రనాయక శతకం, దేవుణ్ణి నిలదీస్తూ సాగే నిందాస్తుతి. గోలకొండ చెరలో రామదాసు రాముడితో పడిన తగాదా తెలుగింట అందరికీ తెలుసు. లేనివాడితో ఎవరూ తగాదా పడరు. న్యాయం ఆశించని చోట ఫిర్యాదు పుట్టదు. అందుకే, ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి దేవుణ్ణి తిట్టిపోస్తే ఆమె విశ్వాసం తగ్గిందని నేను అనుకోను. ఆమెకు దేవుడి తరఫున సంజాయిషీ చెప్పడానికి కూడా ఒప్పుకోను. ఆ సంజాయిషీ ఆయన ఇవ్వవలసింది. ఆమె ఊరికి షెల్టరు, రోడ్డు, సమయానికి హెచ్చరిక మనం ఇవ్వవలసినవి.