జింకు కొనేముందు ‘చిలేటెడ్’ అంటే ఏమిటో చూద్దాం
(నెల్లూరు తీర ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూరియా కోసం కొట్టుకు పోతే “ఈ జింకు ప్యాకెట్ కూడా తీసుకుంటేనే బస్తా” అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. నాకూ ఒకసారి అట్లాగే అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే దాని మీద ‘చిలేటెడ్ జింకు, ఇ.డి.టి.ఎ., 12 శాతం’ అని ఉంది. మామూలు జింకు సల్ఫేట్ సంచి మీదేమో 21 శాతం. తక్కువ జింకు ఉన్నదానికి ఎక్కువ ధర ఎందుకు పెట్టాలి?

మన మైపాడు, ముత్తుకూరు వైపు వాళ్లకు పీత పట్టు గురించి నేను చెప్పక్కర్లేదు. రెండు డెక్కలతో పట్టిందంటే వదలదు. 1920లో మోర్గన్, డ్రూ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, లోహాన్ని ఒకటికంటే ఎక్కువ చోట్ల పట్టుకునే పదార్థాలకు పేరు వెతుకుతూ, పీత డెక్కకు గ్రీకు భాషలో ఉన్న మాట నుంచే ‘చిలేట్’ అని తీసుకున్నారు. ఇ.డి.టి.ఎ.లో రెండు నత్రజనులు, నాలుగు ఆక్సిజన్లు కలిసి జింకును ఆరు చోట్ల పట్టుకుంటాయి. నత్రజని తన దగ్గర ఖాళీగా ఉన్న ఎలక్ట్రాన్ల జంటను లోహానికి అందిస్తుంది, పట్టు అక్కడే బిగుస్తుంది. ఈ నత్రజని యూరియాలాగా పైరుకు మేత కాదు, జింకును పట్టుకోవడానికే.

ఇక్కడ రెండు గ్లాసుల్లో తేరిన డి.ఎ.పి. నీళ్లు పెట్టాను. ఒకదాంట్లో జింకు సల్ఫేట్ నీళ్లు పోస్తున్నా, చూడండి. పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. అది జింకు ఫాస్ఫేట్, నీళ్లలో కరగదు, వేరుకు అందదు. రెండో దాంట్లో చిలేటెడ్ జింకు పోస్తున్నా. తేటగానే ఉంది. జింకును నత్రజని, ఆక్సిజన్లు చుట్టూ పట్టుకుని ఉన్నాయి గనుక ఫాస్ఫేట్‌కు అది చిక్కలేదు. జింకు సల్ఫేట్‌ను భాస్వరం ఎరువుతో కలపొద్దని వ్యవసాయాధికారులు ఎందుకంటారో ఇదే.

ఈ విరుగుడే కల్తీని కూడా పట్టిస్తుంది. జింకు సల్ఫేట్ పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అమ్మేవాళ్లు ఉన్నారు. అది ఇట్లా విరగదు. సగం కల్తీ అయితే మాత్రం గ్లాసు చాలదు, నమూనా పరీక్షకు పంపించాల్సిందే.

వరిలో నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మొదట్లో ఈనె పాలిపోయి, ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే జింకు లోపం అనుకోవచ్చు. ఉత్తరాదిన దీన్ని ఖైరా తెగులు అనేవారు. దానికి కారణం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో తేల్చినాయన వై.ఎల్. నేనే. (నేనే అంటే నేను కాదు, అది ఆయన ఇంటిపేరు.)

ఇప్పుడు లెక్క. దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తే 4 కిలోల 200 గ్రాముల జింకు పడుతుంది. అరకిలో చిలేటెడ్ ప్యాకెట్‌లో ఉండేది 60 గ్రాములు. కరిగి నిలబడుతుంది, నిజమే, కానీ నేలలో లోటు పూడ్చడానికి ఆ 60 గ్రాములు సరిపోతాయని నేను నమ్మను. దుక్కిలో, దమ్ములో సల్ఫేటే వేయండి. నిలబడ్డ పైరు మీద కూడా లీటరుకు 2 గ్రాముల సల్ఫేట్‌ను ఐదేసి రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే పని జరుగుతుంది. ఉప్పునీటి బోర్లు, చౌడు ఉన్నచోట, పైరు మీద త్వరగా అందాలన్నప్పుడు చిలేటెడ్‌కు డబ్బు పెట్టొచ్చు.

వేరుశనగ వేసే ఇసుక నేలల వాళ్లకు ఇంకో మాట. లేత ఆకులు పసుపు తిరిగితే ఇనుము లోపం. ఇక్కడ ‘చిలేటెడ్’ అన్న మాట ఒక్కటే చూసి కొనకండి. సున్నం ఎక్కువున్న నేలలో కాల్షియం వచ్చి ఇ.డి.టి.ఎ. నుంచి ఇనుమును తోసేస్తుంది. ఇ.డి.డి.హెచ్.ఎ. అని ఇంకొకటి ఉంది, ముదురు ఎరుపు రంగు. దాంట్లోనూ నత్రజనులు రెండే, కానీ పక్కనున్న ఆక్సిజన్లు వేరే రకం. అందువల్ల ఇనుమును చౌడులో కూడా వదలదు. ధర మాత్రం మన అందుబాటులో లేదు. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టడం మనకు నయం. నిమ్మ ఉప్పు కూడా ఇనుమును పట్టుకునేదే, నత్రజని లేదు గనుక పట్టు వదులు.

రొయ్యల చెరువుల వాళ్లు ఇదంతా మాకెందుకు అనుకుంటున్నారేమో. మన రక్తంలో ఇనుము ఉన్నట్టే రొయ్య రక్తంలో రాగి ఉంటుంది. ఒక్కో రాగిని మూడు నత్రజనులు పట్టుకుని ఉంటాయి, అట్లా ఉన్న రాగే ప్రాణవాయువును మోస్తుంది, రక్తం నీలంగా మారుతుంది. పైరు పచ్చదనంలో మెగ్నీషియాన్ని పట్టుకున్నదీ నాలుగు నత్రజనులే. అదే రాగి మైలుతుత్తంగా చెరువులో విడిగా తిరిగితే రొయ్య మొప్పలను దెబ్బతీస్తుంది. హ్యాచరీల్లో సముద్రపు నీటిలో ఇ.డి.టి.ఎ. వేసేది అట్లాంటి విడి లోహాలను కట్టేయడానికే. మైలుతుత్తం ఎవరో చెప్పారని చేతి లెక్కన చల్లకండి.

ఇక కొట్టు సంగతి. ఏ ప్యాకెట్ తీసుకున్నా బిల్లు అడగండి. యూరియాకు ముడిపెట్టి ఇస్తే ఆ బిల్లు, ప్యాకెట్ రెండూ సంఘానికి తీసుకురండి, అర్జీ మనమే రాద్దాం. గ్లాసులు, డి.ఎ.పి. నీళ్లు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాయి. ఇంట్లో జింకు సంచి ఉన్నవాళ్లు ఒక చెంచాడు తెచ్చి చూసుకోండి.