సాల్మన్ మత్స్యము: పెంపకమును పరిశోధనయు
(ఉపన్యాస పాఠము)



శ్రీమద్భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథ కలదు. సత్యవ్రతుడను రాజు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిటి నీటిలో ఒక చిఱుచేప పడెను. పెద్దచేపల బారినుండి కాపాడుమని అది వేడుకొనగా రాజు దానిని కమండలువున ఉంచెను. ఒక్క రాత్రిలో అది పెరిగి తనకు చోటు చాలదని చెప్పెను. కడవలోనికి మార్చినను, కొలనులోనికి మార్చినను అట్లే చెప్పెను. తుదకు సముద్రము తప్ప దానికి తగిన చోటు లేకపోయెను. ఈ కథలోని పరమార్థము పెద్దలెఱిగినదే. చేపలను పెంచువారికి మాత్రము ఇందు లౌకికమైన పాఠము కూడ కలదు. చేప తన అవసరమును చెప్పెను; పెంచినవాడు వినెను.

లోకములోని చేపలకు వాక్కు లేదు. వాటి అవసరమును వాటి ఒడలిని, నడకను, చావును చూచి తెలిసికొనవలసియున్నది. అట్లు తెలిసికొనుటయే పరిశోధన. ఇట్టి పరిశోధన విస్తారముగా జరిగిన చేపలలో అట్లాంటిక్ సాల్మన్ ముఖ్యమైనది. నార్వే దేశమున ఏబది యేండ్లకు పైగా దానిని పెంచుచున్న తీరును, అందలి లాభనష్టములును ఈ ఉపన్యాసమునకు విషయము.

మొదట ఆ చేప స్వభావమును తెలిసికొనవలెను. సాల్మన్ ఉత్తర అట్లాంటిక్ సముద్రమునకు రెండు వైపుల గల చల్లని నదులలో, గులకరాళ్ల నడుమ పెట్టిన గ్రుడ్డునుండి పుట్టును. నదిలో ఒకటి మొదలు కొన్ని సంవత్సరములవరకు పెరుగును. ఆ వయస్సున ప్రతి పిల్లయు ఏటి అడుగున కొంత చోటును తనదిగా చేసికొని, ఇతరులను దరికి రానీయదు. పిదప ఒక వసంతమున దాని ఒంటిమీది మచ్చలు మాసి వెండివన్నె వచ్చును. మొప్పలు ఉప్పును వెలికి పంపుటకు సిద్ధమగును. ఈ దశలోనున్న పిల్లను స్మోల్టు అందురు. అది సముద్రమునకు పోయి, ఒకటి మొదలు మూడు నాలుగేండ్లు అక్కడ మేసి, గ్రుడ్లు పెట్టుటకు పుట్టిన నదికే తిరిగి వచ్చును. వరదకాలమున సముద్రమునుండి గోదావరికి ఎదురీదివచ్చు పులసను చూచినవారికి ఇది వింతగా తోచదు.

ఇంతటి సముద్రమున తిరిగిన చేప తన ఏటిని ఎట్లు గుర్తించును? అమెరికాలోని ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ అను శాస్త్రజ్ఞులు ప్రతి ఏటి నీటికిని వేఱువేఱు వాసన యుండుననియు, చేపలు దానిని పసిగట్టగలవనియు 1951లో తెలిపిరి. తరువాత 1970 దశకమున మిచిగన్ సరస్సువద్ద కోహో జాతి సాల్మన్ పిల్లలకు మార్ఫొలీన్ అను ద్రవ్యపు వాసనను అలవాటుచేసి విడిచిరి. అవి పెద్దవైన పిదప ఆ ద్రవ్యము కలిపిన ఏటికే ఎక్కువగా వచ్చెను. సాల్మన్‌కు బాల్యమున పట్టిన వాసన చిరకాలము నిలుచునని దీనివలన రుజువయ్యెను.

ఇట్టి దేశద్రిమ్మరి చేపను ఒకచోట కట్టి పెంచుట సాధ్యమా? నార్వేలోని హిట్రా ద్వీపమున గ్రోంట్వెడ్ సోదరులు 1970లో సముద్రమున వలపంజరము కట్టి, అందు సుమారు 20,000 స్మోల్టులను విడిచి, సాధ్యమని చూపిరి. కొండల నడుమ భూమిలోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలను అక్కడ ఫియర్డులందురు. అలల తాకిడి తక్కువగాను, నీరు లోతుగాను, చల్లగాను ఉండుటచేత అవి ఈ పనికి అనుకూలించెను.

పంజరము చేపకు చోటునిచ్చెను గాని మంచి జాతిని ఇయ్యలేదు. పశువులలో మేలుజాతిని ఎంపికచేయు శాస్త్రమును చేపలకు వర్తింపజేయవచ్చునని హరాల్డ్ షేర్వోల్డ్, ట్రిగ్వే యెడ్రెమ్ అను పండితులు తలంచిరి. 1970 దశకపు మొదటి భాగమున సుమారు 40 నదులనుండి సాల్మన్ గ్రుడ్లను తెచ్చి, ఒక్కొక్క జంట సంతానమును వేఱువేఱుగా పెంచి, తూచి, లెక్క వ్రాసి, మేలైన కుటుంబములనుండి మరుసటి తరమును తీసిరి. తరమునకు నూటికి పదివంతుల వంతున పెరుగుదల హెచ్చెను. వ్రాసిన చిట్టా లేనిదే ఏ చేప ఎవరి బిడ్డయో తెలియదు. అది తెలియనిదే ఎంపిక లేదు.

కాలమును కూడ వారు వశపఱచుకొనిరి. స్మోల్టుగా మారుటకు చేపపిల్ల పగటి పొడవును చూచి సిద్ధమగును. తొట్లపై దీపములుంచి మొదట పొట్టిపగళ్లను, పిమ్మట ఎడతెగని వెలుగును కల్పించిన యెడల, వసంతము రాకున్నను అది వెండివన్నె దాల్చును. సముద్రమున చేరిన తరువాత ఏడాది, ఏడాదిన్నరలో నాలుగైదు కిలోల బరువు తూగును. 2021లో నార్వే పండించిన సాల్మన్ 15 లక్షల టన్నులకు మించినది. ఇదంతయు జమ వైపు వ్రాయదగినది.

ఇక ఖర్చు వైపు చూడవలెను. సాల్మన్ మాంసాహారి. దానిని పెంచుటకు సముద్రమునుండి చిన్నచేపలను పట్టి, పిండిగాను నూనెగాను చేసి పెట్టవలసివచ్చెను. 1990లో నార్వే మేతలో నూటికి 90 వంతులు సముద్రమునుండి వచ్చినవే. సోయా మున్నగు మొక్కల పదార్థములను చేర్చుటచేత 2013 నాటికి అది 30 వంతులకు తగ్గెను. సముద్రముపై భారము తగ్గెను గాని మేత మార్చినప్పుడెల్ల చేప శరీరము ఏమనుచున్నదో చూడవలసియున్నది. లోగడ మేతలో పశురక్తపు పొడిని కలుపుచుండిరి. 1990 దశకమున దానిని మానగా చేపల కన్నులలో శుక్లములు హెచ్చెను. విచారింపగా, ఆ పొడిలో సమృద్ధిగా నుండిన హిస్టిడీన్ అను పోషకము కొఱవడినందున కన్ను చెడినదని తేలెను. చేప నోరు విప్పలేదు. దాని కన్ను తెల్లబడి ఆ మాట చెప్పెను.

చోటు విషయమును ఇట్టిదే. నార్వే నిబంధన ప్రకారము పంజరములోని ఘనమీటరు నీటికి 25 కిలోలకు మించి చేప ఉండరాదు. కాగితముమీద ఈ లెక్క సరిగనే యుండును. కాని నీటిలోనికి ధ్వనిని పంపి మరలు ప్రతిధ్వనివలన చేపల ఉనికిని కనిపెట్టు యంత్రములను దింపి చూడగా, చేపలు పంజరమంతట సమముగా నుండుట లేదని తెలిసెను. పగటివేళ అవి గుంపై వలయాకారముగా తిరుగును; రాత్రి చెదరును. తమకు నచ్చిన వేడి, వెలుగు, ప్రాణవాయువు ఉన్న లోతును వెదకికొని అక్కడనే క్రిక్కిరియును. కావున అక్కడి సాంద్రత కాగితముమీది లెక్కకు ఎన్నో రెట్లుండును. గ్రామలెక్కలలో పొలము సరాసరి పంట ఒకటి, మడిమడికి పంట వేఱొకటి యగుట ఎఱిగినవారికి ఈ భేదము సులభముగా బోధపడును.

సముద్రపు పేను సాల్మన్‌కు గొప్ప శత్రువు. అది చర్మమును కొఱికి తినును. పేను పిల్లలు నీటి పైపొరలలో ఎక్కువగా తేలుచుండునని ఎఱిగి, కొందఱు పంజరములను లోతునకు దింపి చూచిరి. పేలు తగ్గెను గాని చేపలు తోక వాల్చి, ఏటవాలుగా, ఆగక వడిగా ఈదసాగెను. సాల్మన్ నీటిపైకి వచ్చి గాలి మ్రింగి తన వాయుతిత్తిని నింపుకొనును. ఆ గాలి లేనిచో నీటిలో తేలియుండజాలదు. అంతట పరిశోధకులు నీటి అడుగుననే బోర్లించిన బుట్టవలె గాలిగోపురమును అమర్చిరి. చేపలు వచ్చి దానిలో గాలి మ్రింగుటకు నేర్చెను. చోటు చాలదన్న సత్యవ్రతుని చేపకు ఈ చేపకు భేదము భాషలోనిది మాత్రమే.

రోగముల విషయమున ఒక గొప్ప విజయము కలదు. 1987లో నార్వే చేపల పెంపకమున సుమారు 48 టన్నుల యాంటిబయాటిక్ మందులు వాడిరి. ఒక్కొక్క చేపకు టీకా వేయు పద్ధతి వచ్చిన పిదప, ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినను ఆ మందుల వాడకము ఒకటి రెండు టన్నుల ప్రాంతమునకు పడిపోయెను. పేనుకు మాత్రము అట్టి టీకా ఇంకను దొరకలేదు. మందులకు పేలు అలవాటుపడెను. పేలను ఏరి తినెడి వేఱు చేపలను పంజరములో విడిచిరి; ఆ చేపలలోను చావులు మెండయ్యెను. వేడినీటిలో ముంచి పేలను రాల్చు పద్ధతి సాల్మన్‌కు బాధాకరమని పరిశోధనలు తెలిపినవి. 2023లో నార్వే సముద్రపంజరములలో చచ్చిన సాల్మన్‌లు ఆఱు కోట్లకు పైబడినవి. అనగా నూటికి 16.7 వంతు. పెరుగుదలను చూపు పట్టికలో ఈ వరుస లేకపోయిన యెడల ఆ లెక్క సత్యమైనది కాదు.

ఇంకొక నష్టము నదులది. వల తెగి పాఱిపోయిన పెంపుడు సాల్మన్ నదులకెక్కి అడవి సాల్మన్‌తో కూడును. పంజరములో త్వరగా పెరుగుటకు ఎంపికైన గుణములు నదిలో బ్రతుకుటకు పనికివచ్చునవి కావు. నార్వేలోని పెక్కు నదుల అడవి సాల్మన్‌లో పెంపుడుజాతి రక్తము కలిసినట్లు పరీక్షలు చూపినవి. ఈ కలయికయు, పేనును, సముద్రపు మార్పులును కలిసి అడవి సాల్మన్‌ను దెబ్బతీసినవి. 2023లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము అట్లాంటిక్ సాల్మన్‌ను ముప్పునకు చేరువలోనున్న జాతిగా ప్రకటించెను. 2024 వేసవిలో నార్వే ప్రభుత్వము 33 నదులలో సాల్మన్ వేటను ఆపివేసెను. నలుబది నదుల గ్రుడ్లతో మొదలైన సంపద ఆ నదులకే అప్పుపడియున్నది.

ఈ విషయము ఆంధ్రదేశమునకు దూరమైనది కాదు. నార్వేలో సాల్మన్‌ను ఎంపికచేసిన ఆ సంస్థయు, భువనేశ్వరమునందలి కేంద్రీయ మంచినీటి చేపల పరిశోధన సంస్థయు కలిసి 1992లో శీలావతి చేపపై అదే విధానమును ప్రారంభించెను. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సమయమైన 1997లో ఆ మేలుజాతికి జయంతి రోహు అని పేరిడిరి. త్వరగా పెరుగు పిల్లను చెఱువున విడుచు రైతు దాని బరువుతోపాటు చావులను, రోగములను, వాడిన మందును, పెట్టిన మేతను తేదీలవారీగా వ్రాసికొనవలెను. వరదలో చెఱువుగట్టు తెగినప్పుడు ఎన్ని చేపలు కాలువ దాటి నదికి పోయినవో అదియు వ్రాయవలెను. కృష్ణా గోదావరులలోని పాతజాతి చేపలు ఎవరి ఖాతాలోను లేని మూలధనము. అది పోయిన పిదప మరల ఎంపికచేయుటకు విత్తనము దొరకదు.

గ్రంథాలయమునకు వచ్చు రైతులు భాగవతమును చదివిన పిదప మత్స్యశాఖవారి కరపత్రమును కూడ చదువుదురుగాక. సత్యవ్రతుడు చేప పెరిగినదని సంతోషించి ఊరకుండలేదు. అది చోటు చాలదన్న ప్రతిసారియు లేచి, దానిని మోసికొని, వేఱొక నీటికి నడచెను. పెంపకమను పని అంతయు ఆ నడకలోనే యున్నది.