ఒత్తిడియు, పెన్నేరు గడ్డయు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ శుభసమయమున భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను చెప్పబూనినది డబ్బాలలో నమ్మెడు పొడులను గూర్చి. ఇందులకు కారణము కలదు. మూడేండ్ల క్రిందట ఒక వర్తకుడు మన పఠనమందిరపు అరుగుపై బల్ల వేసికొని, మనస్సు ఒత్తిడిని పోగొట్టునవి యని కొన్ని డబ్బాల నమ్ముకొనుటకు అనుమతి యడిగెను. తాళపుచెవి నాయొద్ద నుండెను గనుక ఆ అనుమతి నిచ్చినవాడను నేనే. మొదటి డబ్బాను కొన్నవాడనును నేనే. నన్ను చూచి కొన్నవారు పలువురు ఈ సభలో నున్నారు. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినది లెక్క అప్పగించు అలవాటొక్కటే. నేడు పరపతి సంఘపు పద్దులు వ్రాయుచున్న నేను, ఈ డబ్బా లెక్కనుగూడ మీకు అప్పగించవలసియున్నది.

విరాటపర్వమును బొత్తిగా విడువజాలను. కౌరవసేనను కన్నులార గాంచిన ఉత్తరకుమారుని తలచుకొనుడు. అంతఃపురమున ప్రగల్భములు పలికినవాడు ఒడలు గగుర్పొడిచి, వణకి, తుదకు రథము నుండి దుమికి పరుగెత్తెను. మనము నవ్వుదుము గాని, అతని శరీరము చేయవలసిన పనినే చేసినది. ఆపద యెదురైనపుడు దేహము పోరాటమునకో పలాయనమునకో సిద్ధపడునని వాల్టర్ కానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1915లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు గలవు. ఒక్కొక్కటి సుమారు అయిదు గ్రాముల బరువు. వానినుండి అడ్రినలిన్ అను ద్రవము క్షణములలో రక్తమున గలియును, గుండె వేగిరపడును.

దానివెంట మరియొక ద్రవము మెల్లగా వచ్చును. దానిపేరు కార్టిసాల్. కలెక్టరు కచేరీనుండి తాసీల్దారునకును, అచటినుండి గ్రామమునకును హుకుము దిగినట్లు, మెదడులోని ఒక భాగము దాని క్రింది పిట్యుటరీ గ్రంథికి ఆజ్ఞ పంపును. అది మూత్రపిండములపై గ్రంథులకు పంపును. కార్టిసాల్ రక్తములోనికి చక్కెరను విడుదల చేయించి శరీరమునకు బలము కూర్చును. విశేషమేమనగా, ఆ కార్టిసాలే తిరిగి మెదడును చేరి, హుకుము అమలైనదని రసీదు ఇచ్చును. అంతట పైవారు హుకుములు నిలిపివేయుదురు. ఆరోగ్యవంతునిలో అది వేకువను హెచ్చి, రాత్రికి తగ్గును.

ఉత్తరుని భయము ఒక్క పూటతో తీరినది. బృహన్నల పక్కన నుండెను గదా! మన వాయిదాల భయము, వానల భయము, ఆడపిల్ల పెండ్లి భయము ఏడాది పొడవునను ఉండును. రసీదులు పోవుచునే యుండును, హుకుములు వచ్చుచునే యుండును. హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు 1936లో ఎలుకలను పలువిధముల బాధించి చూచి, బాధ ఏదైనను వాని గ్రంథులు ఉబ్బుటయు, కడుపులో పుండ్లు పడుటయు ఒకే తీరున జరుగునని ప్రకటించెను. ఒత్తిడి యను మాట వైద్యమున పాదుకొన్నది ఆయన వలననే.

ఇక నా సంగతి. ఆ యేడు ఆడిట్ వారు వచ్చుటకు రెండు మాసముల ముందు, సంఘపు చిట్టాలో 2,700 రూపాయల భేదము కానవచ్చెను. సొమ్ము స్వల్పమే. కాని లెక్కలవానికి అది కంటిలో నలుసు. రాత్రులు నిద్ర లేదు. మెలకువగా నుండుటకు కాఫీ త్రాగుటయు, నిద్ర పట్టలేదని విచారించుటయు రెండును నేనే చేయుచుంటిని. అప్పుడే ఆ పొడిని పాలలో కలిపి సేవింప నారంభించితిని. ముప్పదియెనిమిదవ రోజున దోషము దొరికెను: 8,520 అని యుండవలసినచోట 5,820 అని వ్రాసియుంటిని. భేదము తొమ్మిదిచేత నిశ్శేషముగా భాగింపబడినచో అంకెలు తారుమారైనవేమో చూడవలెనని ముప్పదేండ్లుగా కుర్రవాండ్రకు చెప్పుచున్నాను. ఆ సూత్రము నాకే స్ఫురింపలేదు! ఒత్తిడి మనిషి నెంత మందబుద్ధిని చేయునో అప్పుడు తెలిసినది. ఆ రాత్రి పండుకొన్నవాడను కోడి కూసినదాక లేవలేదు. మరునాడు నలుగురితోను ఏమంటిననుకొన్నారు? పొడి పనిచేసినదంటిని.

నిద్ర పట్టించినది పొడియా, చిట్టా కుదురుటయా? ఒక్క మనిషి అనుభవముతో ఇది తేలదు. అందుకే శాస్త్రజ్ఞులు సగముమందికి మందును, సగముమందికి చూచుటకు అట్లే యుండు ఉత్తి బిళ్ళను ఇత్తురు. ఎవరికేది అందినదో ఎవరికిని తెలియనీయరు. డబ్బాలోని వస్తువు అశ్వగంధ, మన పెద్దలు పెన్నేరు గడ్డ యనునది. వేరు గుఱ్ఱపు వాసన వేయుటచే ఆ పేరు. నేడు మధ్యప్రదేశమున నీమచ్, మందసౌర్ ప్రాంతములలో విరివిగా పండింతురు. చరకసంహిత దీనిని బలము నిచ్చువానిలోను, దేహమును పుష్టిపరచువానిలోను చేర్చినది. మన హైదరాబాదులోనే అరువదినలుగురిపై జరిగిన ఒక పరీక్ష 2012లో వెలువడెను. వేరు సారమును పూటకు 300 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటల, అరువది దినములు ఇచ్చిరి. పుచ్చుకొన్నవారిలో కార్టిసాల్ నాల్గవ వంతుకు పైగా తగ్గెను. ఉత్తి బిళ్ళవారిలో తగ్గుదల అల్పము. తరువాతి పరీక్షలు కొన్నియు ఈ త్రోవనే నడచినవి. కావున ఇది వట్టి బూటకమని నేననను. కాని ఇవి చిన్న పరీక్షలు, కొలది వారములవి. అందు వాడినది చిక్కని సారము. మనము చెంచాతో కొలుచుకొను పొడి అదియు ఒకటి కాదు.

విటమిను బిళ్ళల కథ వేరు. సి విటమినును సెంట్ జార్జి అను హంగేరీ శాస్త్రజ్ఞుడు 1928లో మొదట వేరుచేసినది, నేను చెప్పిన ఆ టోపీ గ్రంథులనుండియే. అచట అది సమృద్ధిగా నుండును. 1952లో అమెరికాలో ఒక నివేదిక, కాలిన గాయములు, శస్త్రచికిత్స మొదలగు దేహబాధలు గలవారికి బి, సి విటమినులు హెచ్చుగా ఈయవలెననెను. అచటి ఒత్తిడి గాయపడిన దేహమునది. అమ్మువారు దానిని ఆఫీసు చింతకును, పరీక్షల బెంగకును అంటగట్టిరి. లోపము లేనివానికి ఈ బిళ్ళలవలన మనశ్శాంతి కలుగునను నిదర్శనము బలమైనది కాదు. లోపమున్నచో వైద్యుడు చెప్పును. ఉసిరికాయకు ఆ సి విటమిను కొఱత లేదు.

ఇక అసలు సంగతికి వచ్చెదను. నా మాట విని మా బావగారును ఆ పొడిని పుచ్చుకొనిరి. ఆయన చాలకాలముగా థైరాయిడ్ బిళ్ళ వేసికొనుచున్నారు. రెండు మాసములకు చేతులు వణకుటయు, గుండె దడయు, ఒడలు చిక్కుటయు మొదలాయెను. బిళ్ళగాక మరేమైన పుచ్చుకొనుచున్నారా యని వైద్యుడు అడుగగా, "ఏమియు లేదండీ" అనిరట. అబద్ధమాడలేదు. పొడి మందని ఆయన యెరుగరు. బావమరది యిచ్చిన బలపుపొడి అది. రక్తపరీక్షలో థైరాయిడ్ ద్రవము మితిమీరియున్నది. వైద్యుడు మరల మరల గ్రుచ్చి యడుగగా మా అక్కగారు డబ్బా తెచ్చి చూపిరి. అశ్వగంధ ఆ ద్రవమును హెచ్చింపగలదని నాకు అప్పుడే తెలిసినది. పొడి మాని కొన్ని వారములకు ఆయన తేరుకొనిరి.

పిమ్మట చదివి తెలిసికొన్నవి క్లుప్తముగా చెప్పెదను. ఐస్లాండు, అమెరికా దేశములలో కొందరికి దీనివలన కామెర్లు కలిగినవని 2020లో వైద్యులు ప్రకటించిరి. డెన్మార్కు 2023లో దీనిని నిషేధించినది. వేరునకు బదులు ఆకు వాడవలదని మన ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో తయారీదారులకు సూచించినది. గర్భిణులకు ఇది తగదు. నిద్రబిళ్ళలు, చక్కెరవ్యాధి మందులు, రక్తపోటు మందులు వాడువారు వైద్యుని అడుగక ముట్టరాదు.

మా అక్కగారిని చూడబోయిననాడు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బా మూత బిగించి నా చేతికిచ్చి, కాఫీ పెట్టుటకు లోనికి వెళ్ళినది. సగము పొడి యింకను ఉన్న ఆ డబ్బాను నేడు పఠనమందిరపు బల్లపై నుంచితిని. దానిపై ఆకు అని యున్నదో, వేరు అని యున్నదో, ఎవరు తీసికొనరాదో అంతయు వ్రాసియే యున్నది. అక్షరములు మిక్కిలి చిన్నవి. భూతద్దమును పక్కనే పెట్టితిని.